నేను చూపించిన నారింజ మచ్చ

నేను ఒక పాత బైనాక్యులర్స్‌ని. నాకు రెండు కళ్లు. కుడి కంట్లో బూజు పట్టింది, ఎడమ కంటికి మెల్ల ఉంది. పెళ్లి సంబంధాలు కుదిర్చేవాళ్లు ఇలాంటివి చివర్లో చెబుతారు. నేను ముందే చెప్పేస్తున్నాను. తర్వాత మాట పడడం నాకిష్టం లేదు.

ఏ ఊళ్లో పుట్టానో తెలియదు. నా వీపు మీద అచ్చువేసిన ఊరి పేరు చేతుల చెమటకి చెరిగిపోయింది. చల్లటి గది, గాజుబిళ్లని వెలుతురుకి పట్టుకుని ఒక కన్ను మూసి చూసే ఒక ఆవిడ, అంతవరకే గుర్తు. ఆవిడ నా పొట్టలో గాజుముక్కలు అమర్చి, మూతలు బిగించి, భుజం మీద ఏడు, యాభై అని రెండు అంకెలు పచ్చబొట్టు పొడిపించి పంపేసింది. కన్నవాళ్లు ఎప్పుడూ అంతే, ఎక్కడికి పంపుతున్నారో వాళ్లకీ తెలియదు.

మొదట ఒక సరుకుల ఓడ ఎక్కాను. అక్కడ నా యజమాని ఓడలో చిన్న ఆఫీసరు. ఎదురొచ్చే ఓడలు, రాళ్లు, దీపాలు చూడమని నన్ను అతనికిచ్చారు. అతను ఎక్కువగా దాటిపోయే ఓడల వంటగది వైపు చూసేవాడు. వాళ్లకి ఇవాళ ఏం వండారో కనుక్కుని, ఆ పూటంతా తన పళ్లెం ముందు దిగులుగా కూర్చునేవాడు. ఒకసారి ఓడ విశాఖపట్నంలో ఆగినప్పుడు నన్ను ఆటోలో మర్చిపోయాడు. అంత దూరం చూడగలిగే వస్తువుని పక్కసీట్లో మర్చిపోవడం మనుషులకే చెల్లింది.

ఆటో నుంచి బీచిలో జోగినాయుడి చేతికొచ్చాను. అతనికి నేనే దుకాణం. ఒక చూపుకి ఇంతని తీసుకుని జనానికి సముద్రం చూపించేవాడు. ఏ ఓడ కనిపించినా "అదిగో సింగపూరు ఓడ" అనేవాడు. నేను జర్మనీదాన్నని చెప్పేవాడు. ఎవరైనా గట్టిగా బేరమాడితే జపానుదాన్నయ్యేదాన్ని. ఒక సాయంత్రం కొత్త పెళ్లికొడుకొకడు ఓడ వైపు పెట్టిన నన్ను మెల్లగా పక్కకి తిప్పి, నీళ్లలో ఆడుకుంటున్న కాలేజీ పిల్లల్ని చూడసాగాడు. "ఏ ఓడండీ అది?" అని పెళ్లికూతురు అడిగింది. అతను కంగారుపడ్డాడు, నేను బండరాయి మీద పడ్డాను. నా ఎడమ కంటికి మెల్ల వచ్చింది అప్పుడే. ఆ రోజునుంచి రెండు కళ్లతో చూస్తే ఒక ఓడ రెండు ఓడలుగా కనిపించేది. జోగినాయుడు కొన్నాళ్లు దానికీ అదనంగా తీసుకున్నాడు.

నన్ను ఆ బతుకులోంచి బయటికి తెచ్చింది పోలమ్మ. ఆమెది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున గవ్వలపేట. ఎండుచేపలు అమ్మడానికి విశాఖ వచ్చి, జోగినాయుడి పక్కన కూర్చుని కాళ్లు చాపుకుంది. మాటల్లో మాటగా తన కోడలి బెంగ గురించి చెప్పింది. లేచేటప్పుడు గంపలో మిగిలిన ఎండురొయ్యలు అతనికిచ్చి, నన్ను గంపలో వేసుకుంది. నా ఒంటికి ఆ వాసన ఇప్పటికీ ఉంది.

"ఇయ్యిగో, గొట్టాలు," అని నన్ను కోడలి ఒళ్లో పడేసింది. "ఇంక తిండి మాని దిబ్బ మీద నిలబడకు. వీట్లోంచి సూసుకో, నీ మొగుడొస్తన్నాడో నేదో."

ఆ కోడలు ముత్యాలు. ఇరవై మూడేళ్లది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మాన్పించారట, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి. నా మెడతాడు తెగిపోయి ఉంటే, పెట్టె అడుగున దాచుకున్న తన బడిసంచి పట్టీ తీసి నాకు కుట్టింది. ఆ రోజే ఆమె నాకు నచ్చింది.

ముత్యాలుకి అన్నీ భయాలే. గ్యాసు కట్టానో లేదో అని నాలుగిళ్లు దాటాక వెనక్కి వచ్చేది. కూతురు సిరి నిద్రలో దగ్గితే ఛాతీ మీద చెవి పెట్టేది, దగ్గకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టేది. అన్నిటికన్నా పెద్ద భయం పేరు కొర్లయ్య. ఆమె మొగుడు. అయిదుగురెక్కే పచ్చముక్కు ఫైబర్ బోటులో వెనక కూర్చుని ఇంజను పట్టుకునేది అతనే. కిందటి వానాకాలంలో ఆ ఊరి బోటే ఒకటి ఒడ్డు కెరటాల దగ్గర తిరగబడింది. అందరూ ఈదుకుని వచ్చేశారు, కానీ ఒకతని భుజం ఇప్పటికీ పైకి లేవదు. అప్పటినుంచి ముత్యాలుకి పొద్దుటిపూట ముద్ద దిగడం మానేసింది.

ఊళ్లో అందరికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు ఇచ్చారు. అవి మంచాల కింద హాయిగా నిద్రపోతూ ఉండేవి. ముత్యాలు మొగుడిదాన్ని బయటికి లాగి దులిపింది.

"నాకు ఈత రాదేటే? సేపకి ఎవడైనా జాకెట్టు తొడుగుతాడేటి?" అన్నాడు కొర్లయ్య.

"సేపకి ఇంటికాడ పెళ్లాం నేదు మావా."

"సరేలే, ఏసుకుంటాను. ఏడకు," అన్నాడు.

ఆ మర్నాటినుంచి నాకు ఉద్యోగం దొరికింది. చీకటితో వెళ్లిన బోట్లు పది గంటల వేళ తిరిగొచ్చేవి. సరుగుడు తోట అవతల ఇసకదిబ్బ ఎక్కి, ముత్యాలు నన్ను కళ్లకి పెట్టుకునేది. నా మెల్లకన్ను వైపు తన కన్ను మూసేసి, బూజుకన్నులోంచే చూసేది. బూజులోంచి అంచులు తెలియవు, రంగులు తెలుస్తాయి. మొదట పచ్చముక్కు. తర్వాత బోటు నిండా నల్లటి మచ్చలు. చిట్టచివర, ఇంజను దగ్గర, ఒక నారింజ మచ్చ.

"అత్తా, ఒస్తన్నాడు. జాకెట్టేసుకున్నాడు."

ఆ మాట అన్నాక ఆమె భుజాలు దిగేవి. ఆ దిగడం నా మెడతాడుకి తెలిసేది. సిరి ఆ నారింజ మచ్చ ఉండే వైపు రెండు చేతులూ ఊపి "నానా, టాటా" అనేది. తర్వాత ముత్యాలు గబగబా ఇంటికెళ్లి గంజన్నం గిన్నె తెచ్చేది. బోటు దిగిన మనిషికి ఒడ్డునే అన్నం పెట్టడం ఆ ఊరి ఆడవాళ్ల అలవాటు.

బోటు ఒడ్డు తగిలే సరికి కొర్లయ్య జాకెట్టు భుజాన వేసుకుని నీళ్లలోకి దూకేవాడు.

"తీసీసినావేటి మావా?" అని మొదటిరోజు అడిగింది.

"నీళ్లలోకి దిగాల గదే. తడిస్తే పాడైపోద్దనీసి తీసీసినాను."

మంచిచీర కట్టుకుని అంట్లు తోమకూడదని నమ్మే ఇల్లు అది. ఆ జవాబు ఎవరికీ తేడాగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు. ఎనిమిది నెలలు ఆమెకి నారింజ మచ్చ చూపించి, ఆమె చేత రోజూ ముద్ద తినిపించానని నాకు కాస్త గర్వం కూడా వచ్చింది.

ఆ నెలల మధ్యలోనే ఊళ్లోకి లహరి వచ్చింది. ఊళ్లోవాళ్లు ఆమెని తాబేళ్ల మేడమ్ అనేవారు. చలికాలంలో ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే తాబేళ్ల గూళ్లకి కంచె కట్టి కాపలా కాయడం ఆమె పని. ఆమె మెడలో ఇంకో బైనాక్యులర్స్ ఉండేది. నల్లటి రబ్బరు తొడుగు, సన్నటి నడుము, ఒంటి మీద గీత లేదు. నేను రెండుసార్లు పలకరించాను. పలకలేదు. బాగా చదువుకున్నవాళ్ల ఇంట్లో పెరిగినట్టుంది.

సీజను అయిపోతుండగా లహరి చెప్పింది, తనకి ఆఫీసువాళ్లు స్టాండు మీద పెట్టే పెద్దది ఇస్తున్నారని, మెడలోదాన్ని సగం ధరకి ఇచ్చేస్తానని. ముత్యాలు దగ్గర ఆ సగం ధరకి సరిపడా ఉంది. కానీ అది మిక్సీ కోసం దాచింది. పోలమ్మకి మణికట్టు నొప్పి, రోలు దగ్గర కూర్చుంటే కళ్లమ్మట నీళ్లొస్తాయి.

పోలమ్మ కొత్తదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "దీని మీదేటి రాసుంది?"

"ఎనిమిది, నలభై రెండు," అని చదివింది ముత్యాలు.

"మనదాని మీద?"

"ఏడు, యాభై."

"మరేటి? యాభైది మన దగ్గరుంటే నలభై రెండుదానికి డబ్బులిస్తారా ఎవరైనా? పైగా మనదే బరువు. ఇది అరటికాయలా ఉంది."

అత్తగారిలో ఇంత న్యాయబుద్ధి ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

లహరి నవ్వింది. "పెద్దమ్మా, మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరికి తెస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం ఎంత వెడల్పో చెబుతుంది. లోపల అద్దం శుభ్రంగా ఉందా లేదా ఏ అంకే చెప్పదు." తర్వాత ముత్యాలు వైపు తిరిగింది. "నేను మూడు రోజులు ఊళ్లో ఉండను. ఇది నీ దగ్గర ఉంచు. నువ్వు రోజూ దేన్ని చూస్తావో దాన్నే రెండింట్లోంచీ చూడు. తేడా లేకపోతే కొనకు. నేనేమీ అనుకోను."

ఆ మూడు రోజులూ నేను పడ్డ యాతన ఏ కోడలూ పడి ఉండదు.

మొదటిరోజు ముత్యాలుకి కొత్తదాని చూపు కుదిర్చే మర తిప్పడం చేతకాలేదు. ఇటు తిప్పితే పీత, అటు తిప్పితే పక్షి ముక్కు. ఆఖరికి తిన్నగా కుదిరేసరికి అది ఊళ్లోని పైడమ్మ ఇంటి డాబా మీద కుదిరింది. "పైడమ్మొదినా, ఎండెట్టిన నీ సావిడాయి సేపల్ని కాకులెత్తుకుపోతన్నాయి," అని దిబ్బ మీంచే అరిచింది. ఆ మాట ఒకరినుంచి ఒకరికి చేరి, పైడమ్మ కర్ర పట్టుకుని డాబా ఎక్కింది. ఈలోపు పచ్చముక్కు బోటు ఒడ్డుకే వచ్చేసింది. మొగుణ్ణి చూడ్డానికి ఏ అద్దమూ అక్కర్లేకపోయింది.

రెండోరోజు ఈదురుగాలి. బోట్లు కదల్లేదు. కొర్లయ్య ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి ముత్యాలు రెండుసార్లు అన్నం తింది, నిమ్మళంగా లెక్క వేసుకుంది. "అత్తా, మనదాంట్లోనూ జాకెట్టు కనిపిస్తానే ఉంది గదా. మిక్సీయే కొనీద్దాం."

"నేనేటి సెప్పినాను?" అంది పోలమ్మ.

ఆ పూట గోడ మేకుకి పక్కపక్కన వేలాడుతూ, నేను కొత్తదాని వైపు గెలిచినట్టు చూశాను. అలా చూడడం తప్పేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మూడోరోజు ఇద్దరినీ మెడలో వేసుకుని ముత్యాలు దిబ్బ ఎక్కింది. పోలమ్మ పక్కన కూర్చుంది, సిరి ఇసకలో గుంటలు తవ్వుతోంది. పది గంటలకి పచ్చముక్కు కనిపించింది. అలవాటు కొద్దీ ముందు నన్నే ఎత్తింది. నేను నా పని చేశాను. పచ్చ, నలుపు, చిట్టచివర నారింజ.

"ఒస్తన్నాడత్తా. జాకెట్టేసుకున్నాడు."

సిరి లేచి టాటా చెప్పింది. అంతటితో ఇంటికి వెళ్లిపోవాల్సిందే. కానీ మేడమ్‌కి తిరిగి ఇచ్చేసే ముందు ఒక్కసారి మొగుడి మొహం దగ్గరగా చూద్దామని ముత్యాలుకి ఆశ పుట్టింది. కొత్తదాన్ని ఎత్తి, మెల్లగా మర తిప్పింది. తిప్పి, ఆగిపోయింది.

నేను ఆమె గుండెల మీద వేలాడుతున్నాను కాబట్టి, లోపల దడదడ నాకు తెలిసింది.

"అత్తా," అంది చివరికి. "మీ అబ్బాయికి తలకాయి నేదు."

"ఏటే ఆ మాటలు?"

"జాకెట్టుంది. జాకెట్టు మీద తలకాయి నేదు."

పోలమ్మ కొత్తదాన్ని లాక్కుని చూసింది. ముసలి కళ్లకి కూడా అది దాచలేదు. నారింజ జాకెట్టు తొడుక్కుని, బొత్తాలన్నీ బుద్ధిగా పెట్టుకుని, ఇంజను పక్కన నిటారుగా కూర్చున్నది బోటులోని మంచినీళ్ల డ్రమ్ము. దాని పక్కన, నీలం బనీనులో, డ్రమ్ముకి చెయ్యి ఆనించి, బీడీ కాలుస్తూ కొర్లయ్య.

"ఓలమ్మ," అంది పోలమ్మ. "బీడీ కూడా మానలేదు ఎదవ."

ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలు నేను ఆమెకి డ్రమ్ముని చూపించి, మొగుడు క్షేమమని చెప్పాను. అబద్ధం చెప్పలేదు, నాకు కనిపించిందే చూపించాను. కానీ ఆ రోజు నాకు సిగ్గేసింది. ఒడ్డున ఆడవాళ్లకి రంగు తప్ప ఏమీ కనిపించదని ఆ బోటులో మగవాళ్లకి తెలుసు. నా బూజు మీద అంత నమ్మకం పెట్టుకుని వాళ్లు రోజూ కెరటాలు దాటారు. అందులో ఏ ఒక్కరోజు బోటు తిరగబడ్డా, ఒడ్డుకి క్షేమంగా తేలివచ్చేది నీళ్ల డ్రమ్మే.

ముత్యాలు అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఇంటికెళ్లి రోజూలాగే గంజన్నం గిన్నె, ఉల్లిపాయ, ఎండుచేప తెచ్చింది. బోటు అప్పుడే ఇసక తగిలింది. కొర్లయ్య జాకెట్టు కోసం చెయ్యి చాపుతున్నాడు. ముత్యాలు మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, అతన్ని దాటుకుని వెళ్లి, డ్రమ్ము ముందు గిన్నె పెట్టింది.

"లే మావా. అన్నం తిను. పొద్దున్నించి నీకోసం ఎంత బెంగెట్టుకున్నానో."

బోటులో అయిదుగురూ ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు.

"ఓసే, ఏటే ఇది?" అన్నాడు కొర్లయ్య.

"నువ్వెవరు బాబూ? నా మొగుడు జాకెట్టేసుకునుంటాడు. ఇడిగో, ఈడే." ఉల్లిపాయని అరచేత్తో చితక్కొట్టి గిన్నెలో వేసింది.

ఒడ్డున గంపలతో నిలబడ్డ ఆడవాళ్లకి విషయం అర్థమై నవ్వులు మొదలయ్యాయి. కొర్లయ్య చిన్నాన్న ఎర్రయ్య కూడా ఆ బోటులోనే ఉన్నాడు. అతనికి నోరు ఊరుకోదు. "కోడలా, ఆడికి బాగా ఎట్టు. పొద్దున్నించి ఏటీ తిన్నేదు. ఎంత పిలిసినా పలకలేదు."

"మరి నీ జాకెట్టేది సిన్మావా? మంచం కిందా, సిన్నత్తకి తెలీకుండా ఇంకెక్కడైనానా?"

ఎర్రయ్య వల సర్దడంలో మునిగిపోయాడు. అతని పెళ్లాం గంప కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని బోటు దగ్గరికి రాసాగింది.

కొర్లయ్య మొదట నవ్వబోయాడు. "అది కాదే, వల లాగేటప్పుడు అడ్డొస్తాది, ఉక్క..." అంటుండగా సిరి నాయనమ్మ చెయ్యి విడిపించుకుని బోటు దాకా వచ్చింది. డ్రమ్ముని చూసింది. జాకెట్టుని చూసింది. నాలుగేళ్ల పిల్ల, తనకి అర్థమైనంతలో అడిగింది.

"నానా, నేనిన్నాళ్లూ టాటా సెప్పింది దీనికా?"

కొర్లయ్య నవ్వు అక్కడితో పోయింది. డ్రమ్ము మీంచి జాకెట్టు విప్పి, ఒడ్డున, పొడి ఇసకలో, అందరూ చూస్తుండగా తొడుక్కున్నాడు. బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. అప్పుడు ముత్యాలు గిన్నె తీసి అతని చేతికిచ్చింది. అతను తింటుంటే పక్కన కూర్చుని మెల్లగా అంది.

"నిన్ను నవ్వులపాలు సేద్దామని కాదు మావా. ఎనిమిది నెలలు ఆ డ్రమ్ముని సూసి, నువ్వు బాగున్నావనీసి ఇంటికెళ్లి కూర తాలింపెట్టుకున్నాను."

అతను ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆపాడు. "రేపట్నించి సూసుకో," అన్నాడు. "ఏ గొట్టాల్లోంచైనా."

సాయంత్రం లహరి తిరిగొచ్చింది. ముత్యాలు నీళ్లు నములుతుంటే పోలమ్మ కల్పించుకుంది. "ఇచ్చీ డబ్బులు. కొనీ."

"మిక్సీ, అత్తా?"

"నలభై ఏళ్లు నూరిన సెయ్యి ఇది. ఇంకో యేడాది నూరలేదేటి? మిక్సీలోంచి నా కొడుకు కనిపిస్తాడేటి?"

"తేడా ఉందా మరి?" అని లహరి అడిగింది.

"ఒక తలకాయంత ఉందండి," అంది ముత్యాలు.

అలా కొత్తది ఆ ఇంటిదయింది. కొనడం మంచిదా కాదా అని మీరు నన్నడిగితే, నా నోటితోనే చెబుతున్నాను, మంచిదే. కళ్లు బాగాలేనిదాన్ని నేను. ఒకరి ప్రాణం మీద అంత ధైర్యం చెప్పడానికి నేనెవర్ని?

వారం తిరక్కముందే పాతసామాన్లవాడి కేక వీధిలో వినిపించింది. నేను సిద్ధపడ్డాను. ముత్యాలు నా పట్టీ విప్పబోయి, అది తన బడిసంచిదని గుర్తొచ్చి చేత్తో రాస్తూ నిలబడింది. పోలమ్మ వచ్చి నన్ను పట్టీతో సహా లాక్కుని తన మెడలో వేసుకుంది.

"ఇవి నావి. ఎండురొయ్యలెట్టి కొన్నాను. నీలాగ నాకు బీడీలూ బొత్తాలూ కనిపించక్కర్నేదు. ఆడొస్తన్నాడని తెలిస్తే సాలు."

మర్నాడు దిబ్బ మీద అత్తాకోడళ్లిద్దరూ నిలబడ్డారు, చెరో జత కళ్లకి పెట్టుకుని. పోలమ్మకి ఒక కన్ను మూసి ఇంకో కన్ను తెరవడం రాదు. రెండూ తెరిచే చూసింది. నా మెల్లకన్ను సంగతి మీకు తెలుసు.

"ఓలప్పో, నారింజోళ్లు ఇద్దరొస్తన్నారే. ఇందులో డ్రమ్ము ఏది?"

ముత్యాలు మర తిప్పుకుని జాగ్రత్తగా చూసింది. తలకాయ చూసింది. బొత్తాలు చూసింది. ఆమె భుజాలు దిగాయి. ఈసారి నా మెడతాడుకి కాదు, నా పక్కనున్నదానికి తెలిసింది. ఫరవాలేదు, అది చెప్పింది నిజం.

"డ్రమ్ము ఈయేల ఉత్తొంటితోనే ఉంది. ఆ ఇద్దరూ నీ కొడుకే అత్తా."

పోలమ్మ నన్ను కళ్లమీంచి దించలేదు. ఇద్దరు కొడుకుల్ని ఒకేసారి ఇంటికి రప్పించుకుంటూ అలాగే నిలబడింది. కింద ఇసకలో సిరి ఒక చెయ్యి నాన్నకి ఊపింది. కాసేపు ఆలోచించి, రెండో చెయ్యి డ్రమ్ముకి ఊపింది. ఎనిమిది నెలల పరిచయం కదా.